ఫొటోలు పోగా మిగిలిన జాగా

మా వీధిలో ఒకమ్మాయికి ఈమధ్య పాల సంస్థలో విస్తరణాధికారి ఉద్యోగం వచ్చింది. స్వీట్లు ఇవ్వడానికి వచ్చి, వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "ఆంటీ, ప్రెజెంటేషన్ తయారు చేసుకురమ్మన్నారు. మీ దగ్గర పాతదేమైనా ఉందా, పేర్లు మార్చుకుని వాడుకుంటాను" అంది. ఉంది, కూర్చో అన్నాను. పాపం, ఆ పిల్ల మళ్లీ లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆ రోజు తనకు చెప్పినవీ, తను ఆవులిస్తుంటే జాలిపడి ఆపేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తే సంతోషం. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, టి.ఎ. బిల్లుల గొడవలు రాయను. వాటి గురించి రాస్తుంటే నాకే నిద్ర వస్తుంది.

నేను చేసిన ఉద్యోగం

నా పేరు రత్నకుమారి. అనకాపల్లిలో పుట్టి, అనకాపల్లిలో చదివి, అనకాపల్లిలోనే రిటైరయ్యాను. నేను పనిచేసిన సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో పాల సంఘాలు పెట్టించి, వాళ్ల దగ్గర పాలు కొని, పట్నాలకు పంపుతుంది. పేరు చెప్పను. అందులో పనిచేసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

ఆర్డరు కాగితంలో నా పని పాడి విస్తరణ. అసలు పని మాట్లాడడం. గేదెలున్నవాళ్లకు గేదెల గురించి చెప్పాలి. గేదెను దగ్గర్నుంచి చూడని అధికారులకు గేదెలున్నవాళ్ల గురించి చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క గేదెనూ పితకలేదు. ఒకసారి దేవరాపల్లిలో సరదాపడి పక్కన కూర్చుంటే, ఆ గేదె మెడ తిప్పి నన్ను చూసిన చూపు చిన్నప్పుడు బడిలో మా హెడ్మిస్ట్రెస్ కూడా ఎప్పుడూ చూడలేదు. వెంటనే లేచిపోయాను.

మాట్లాడడమే ఉద్యోగం కాబట్టి, ఏం మాట్లాడాలో తయారు చేసుకోవడమే అందులో పెద్ద పని. దీన్ని కంటెంట్ ప్రిపరేషన్ అంటారని నాకు ఆలస్యంగా తెలిసింది. మేం సరుకు అనేవాళ్లం. "ఇవాళ సబ్బవరంలో మీటింగు, సరుకు రెడీయా?" అని ఆఫీసులో అడుగుతుంటే, కొత్తగా చేరిన ప్యూను మేం ఏదో వ్యాపారం చేస్తున్నామనుకున్నాడు.

పెద్ద ఆవు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆఫీసుకు ప్రొజెక్టరు వచ్చింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవిని మేనేజరుగారి టేబులు సొరుగులో పెట్టి సొరుగుకు తాళం వేశారు. కొన్నాళ్లు అది అలా క్షేమంగా ఉంది. తర్వాత సబ్బవరంలో రైతుల మీటింగు పెట్టి, దాన్ని వాడే అవకాశం నాకిచ్చారు.

విషయం పొదుగువాపు. పితికేముందు పొదుగు కడగాలి, చేతులు కడుక్కోవాలి, పితికిన వెంటనే పశువును పడుకోనివ్వకూడదు. అంతే సరుకు. కానీ ప్రొజెక్టరు తెచ్చి అంతే చెబితే ఎలా? ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి ఒక ఆవు బొమ్మ తెచ్చాను. సీమ ఆవు. నలుపూ తెలుపూ మచ్చలు, నిగనిగలాడే ఒళ్లు, నేలను తాకుతుందా అనిపించే పొదుగు. గోడ మీద వేయగానే జనం నుంచి ఒక్కసారిగా "ఓర్నాయనో" అని వినిపించింది. నా ఉపన్యాసం పండిందనుకున్నాను.

"ఈ ఆవుది ఏ ఊరు మేడమ్?" అన్నాడు ముందు వరుసలో కూర్చున్న రైతు.

"ఏ ఊరూ కాదండి, ఇది బొమ్మ. మనం చూడాల్సింది పొదుగు..."

"అదే సూత్తన్నాను. పూటకెన్ని లీటర్లిత్తాది?"

"ఇంత ఆవుకి ఎంత దాణా ఎయ్యాల?" అన్నాడు వెనకాయన.

"మన ఎండకి ఆగుద్దేటి బావా అది? కూలరెట్టాల" అన్నాడు ఇంకొకాయన.

అక్కడి నుంచి మీటింగు ఆ ఆవుదే అయిపోయింది. నేను చేతులు కడుక్కోవడం గురించి చెబుతూనే ఉన్నాను, వాళ్లు ఆవు గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. కొన్ని నెలల తర్వాత ఆ ముందు వరుస రైతు గేదెకే పొదుగువాపు వచ్చింది. మందిప్పించి, "ఆ రోజు మీటింగుకు వచ్చారు కదండీ, అంత వివరంగా చెప్పాను కదా" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపి, "వచ్చేను మేడమ్. ఆవుని సూసేను" అన్నాడు.

బొమ్మ మన మాటకు పనిచేయాలి. మన మాటను మింగేసే బొమ్మ ఎంత అందమైనదైనా ఇంట్లో ఉంచేసి వెళ్లాలి. ఇది ఏ ట్రైనింగులోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

మూర్తిగారూ, ఎగిరే అక్షరాలూ

మా మేనేజరు మూర్తిగారు మంచి మనిషి. ఈ మాట ముందే రాస్తున్నాను, కింద రాయబోయేవి చదివి ఎవరూ అపార్థం చేసుకోకూడదని. ఇంటి దగ్గర కంప్యూటర్ సెంటరులో చేరి, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని పవర్‌పాయింట్ నేర్చుకున్నారు. నేర్చుకున్నది ఒక్కటీ వదలకుండా వాడేవారు. అక్షరాలు పైనుంచి ఒక్కొక్కటే రాలేవి. కొన్ని గిరగిరా తిరుగుతూ వచ్చేవి. "పాడి పరిశ్రమ అభివృద్ధి" అనే శీర్షిక పూర్తిగా తెర మీదికి చేరేలోపు ముందు వరుసవాళ్లు టీ తాగి గ్లాసు కింద పెట్టేసేవారు. శీర్షిక పూర్తవగానే కంప్యూటరే చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల శబ్దమంటే ఆయనకు ప్రాణం.

అక్షరాలతో ఎలాగో వేగాను. ఫొటోలతో నా వల్ల కాలేదు.

అప్పుడప్పుడే ఊళ్లో ఫ్లెక్సీలు మొదలయ్యాయి. మెయిన్ రోడ్డులో ఏ స్తంభానికి చూసినా వరసగా తలకాయలు. పైన పెద్ద నాయకుడు, పక్కన కొంచెం చిన్న నాయకుడు, కింద శుభాకాంక్షలు చెప్పే అభిమానులు. మా డైరెక్టర్లకు స్లైడు కూడా ఫ్లెక్సీ లాంటిదేనన్న అభిప్రాయం కలిగింది. ప్రతి స్లైడులో ఎడమ పక్క పైన చైర్మన్‌గారు, కుడి పక్క ఎం.డి.గారు, రెండు పక్కలా వరసగా డైరెక్టర్లు. ఒకసారి ఒక డైరెక్టరుగారు పాస్‌పోర్టు ఫొటో బదులు మోటారు సైకిలు మీద కూర్చున్న ఫొటో పంపారు. దాంతో ఆయన తల మిగతావాళ్ల తలల్లో సగం వచ్చింది. అదే స్లైడు మధ్యలో గేదె ఫొటో ఉంది. మీటింగు మధ్యలో ఆయన లేచి నిలబడి, "మూర్తిగోరూ, నా తలకాయ గేదె తలకాయ కన్నా సిన్నగా ఉందేటండి?" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆఫీసులో కొత్త రూలు పెట్టారు. స్లైడులో ఏ పశువు తలా ఏ డైరెక్టరు తలను మించరాదు. మా గేదెలు మేకలయ్యాయి, దూడలు పిల్లులయ్యాయి. నేను సరుకు రాసి తీసుకెళ్తే మూర్తిగారు స్లైడు తెరిచి, కింద బెత్తెడు పట్టీ చూపించి, "ఫొటోలు పోగా మిగిలిన జాగాలో పెట్టేద్దాం రత్నంగారూ" అనేవారు. ఆ జాగాలో రెండు వాక్యాలు పట్టేవి. మూడోది రాస్తే ఎవరిదో ఒక డైరెక్టరుగారి చొక్కా జేబు మీదికి పోయేది.

నవ్వుకోండి గానీ ఆ మనుషుల్ని మరీ తీసిపారేయకండి. నలుగురిలో తన మొహం కనబడాలని, తన పేరు వినబడాలని ఉండడం తప్పేమీ కాదు. ఇది నాకు తెలిసిరావడానికి నర్సమ్మ పని పడాల్సి వచ్చింది.

నర్సమ్మ సాయంత్రం పాలు

అప్పలనర్సమ్మ దేవరాపల్లి అవతల ఒక ఊళ్లో మహిళా పాల సంఘానికి ప్రెసిడెంటు. చెరకూ వరీ పండించే ఊరు. భర్త పోయాక రెండు గేదెలతో ఇల్లు నిలబెట్టుకున్న మనిషి. సంఘం పెట్టినప్పుడు తనే ఇంటింటికీ తిరిగి, "గేదెను కొనుక్కోండి, రెండు పూటలా పాలు తీసుకుంతారు, పూచీ నాది" అని చెప్పింది. ఆమె మాట మీద ఊళ్లో సగం ఇళ్లవాళ్లు గేదెల్ని కొన్నారు.

పొద్దుటి పాలకు ఇబ్బంది లేదు. సాయంత్రం పాలతోనే వచ్చింది తంటా. మా వ్యాను ఆ ఊళ్లో పాలెత్తుకుని, దారిలో ఊరూరా ఆగి, గోతుల రోడ్డు మీద కుదుపుకుంటూ అనకాపల్లి చేరేసరికి ఎండాకాలంలో పాలు విరిగిపోయేవి. విరిగిన పాలు గేటు దగ్గరే పారబోసేవారు. కొన్నాళ్లు చూసి సాయంత్రం పాలు తీసుకోవడమే మానేశారు. ఆపైన, పాలు తగ్గాయి కాబట్టి సంఘాన్ని ఎత్తేసి పక్క ఊళ్లో కలిపేద్దామన్న మాట పుట్టింది. ఊళ్లోనే పాలను చల్లబరిచే కూలరు ఒకటి పెడితే ఈ గొడవంతా తీరిపోతుంది.

నర్సమ్మ నా ఆఫీసుకు వచ్చి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్ గోరూ, గేదె రెండు పూటలా మేత్తాది గదా. ఒక పూట పాలే తీసుకుంతామంటే దానికెలాగ సెప్పేది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నా మాట మీద కొన్నారు మేడమ్. సంఘం ఎత్తేత్తే ఆల్ల మొకాలు నానెలా సూసేది? కుళాయికాడ కెల్తే ఆల్లే, సంతకెల్తే ఆల్లే. ఎవులూ ఒక్క మాటనరు. అదే నాకు కట్టంగా ఉంది. తిట్టినా బాగున్ను."

ఆమె వెళ్లాక నాకు పని మీద ధ్యాస నిలవలేదు. ఆ సంఘం పెట్టించిన రోజు ఆమె పక్కన నిలబడి మైకు పట్టుకున్నది నేనే.

కమిటీ వస్తుందన్నారు

ఆ ఏడు మా ప్రాంతానికి ఒకే ఒక్క కూలరు ఇస్తామని, ఎక్కడ పెట్టాలో చూడడానికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తుందని కబురొచ్చింది. రెండు ఊళ్ల పేర్లు వెళ్లాయి. ఒకటి నర్సమ్మ ఊరు. రెండోది పాయకరావుపేట వైపు, హైవే పక్కనే ఉన్న ఊరు. అది మా డైరెక్టరు సన్యాసినాయుడుగారి స్వగ్రామం. అక్కడి పాలు తారు రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా వచ్చేస్తాయి. కూలరు అవసరం లేదు. కానీ నాయుడుగారికి కూలరు కావాలి, ఎందుకంటే అది అందరికీ కనబడుతుంది.

ఒకే రోజు రెండు ఊళ్లూ చూడాలి. పొద్దున్న నర్సమ్మ ఊరు, మధ్యాహ్నం నాయుడుగారి ఊరు. భోజనాలు నాయుడుగారింట్లో. రొయ్యలూ, చేపలూ, ఇంకా ఏవేవో అని వారం ముందు నుంచే ఆఫీసులో చెప్పుకుంటున్నారు. అంటే కమిటీ నర్సమ్మ ఊళ్లో కూర్చున్నంతసేపూ వాళ్ల మనసు రొయ్యల మీద ఉంటుంది.

"మనకు ఇరవై నిమిషాలిచ్చారు రత్నంగారూ. బ్రహ్మాండంగా చేద్దాం" అన్నారు మూర్తిగారు.

నేను బ్రహ్మాండంగానే తయారు చేశాను. దారి మ్యాపు, ఊళ్లో గేదెల లెక్క, నెలవారీ పాల గ్రాఫు. మూర్తిగారు దానికి ఫొటోలు పెట్టారు. గ్రాఫు సన్నబడి సన్నబడి బల్లిపిల్ల తోకంత అయింది. పోనీ, నోటితో చెబుదామని కార్యక్రమం వరస రాసుకుంటే, ప్రార్థన గీతం, జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరినీ పేరుపేరునా వేదిక మీదికి పిలవడం, దండ, శాలువా, ఒక్కొక్క దండకూ ఫొటో. ఇవన్నీ పోగా నాకు మిగిలేది గొంతు సవరించుకునేంత సమయం. పిలుపులు తగ్గిద్దామని మూర్తిగారిని అడిగాను. చర్చి కూల్చేద్దామా అని అడిగినట్టు చూశారు.

ఆదివారం ప్రకటనలు

ఆ ఆదివారం చర్చిలో కూర్చున్నాను గానీ మనసు మనసులో లేదు. మా పాస్టరుగారి ప్రసంగం గంట. చాలా కష్టపడి తయారవుతారు. అయినా ఇంటికెళ్లాక ఎవరినైనా ఏం చెప్పారని అడిగితే, "బాగా చెప్పారు" అంటారు, అంతే. ప్రసంగానికి ముందు ప్రకటనలు మాత్రం అందరికీ కంఠస్థం. ఫలానావారి అబ్బాయి పెళ్లి ఎప్పుడు, ఫలానావారికి జ్వరం తగ్గిందా లేదా, క్రిస్మస్ కేకుకు ఎవరెవరు ఏమేమిచ్చారు. మా పెద్దమ్మకు చెవుడు. ప్రసంగం ఒక్క ముక్క వినబడదు. ప్రకటనలు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా వినబడతాయి.

ఆ రోజు ప్రకటనలు వింటూ అందరి మొహాలూ చూశాను. అందరూ నిటారుగా కూర్చున్నారు. అసలు విషయం ఇంకా మొదలు కాలేదని ధీమాగా ఉన్నారు కాబట్టి ఎవరికీ నిద్ర రావడం లేదు. పైగా తమ పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించి వింటున్నారు. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే అందరూ వెనక్కి వాలారు.

నాకు అక్కడే వెలిగింది. పిలుపులు నా సమయాన్ని తినేస్తున్నాయని ఏడుస్తున్నాను. సరుకును ఆ పిలుపుల్లోనే పెడితే ఎవరు కాదంటారు? తనను పొగుడుతుంటే మధ్యలో వాచీ చూసుకునే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

సోమవారం మూర్తిగారి గదిలోకి వెళ్లి, "సార్, ప్రెజెంటేషన్ మీరే ఇవ్వండి. నేను వేదిక మీదికి పిలిచే పని చూసుకుంటాను" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. "మీకేం ఇబ్బంది లేదు కదా? చప్పట్లు అలాగే ఉంచనా?" అన్నారు. ఉంచమన్నాను.

దండలు

కమిటీ వచ్చే రోజు నర్సమ్మ ఊళ్లో బడి వరండాలో తెల్ల దుప్పటి తెరగా కట్టారు. ఎండ వెలుగుకు దాని మీద ఏమీ సరిగ్గా కనబడదని నాకు ముందే తెలుసు. కమిటీవాళ్లు కారు దిగి దుమ్ము దులుపుకుంటుండగానే సన్యాసినాయుడుగారు నా దగ్గరికి వచ్చి, "తొందరగా తెమిల్చేయండి మేడమ్, భోజనాలు సల్లారిపోతాయి" అన్నారు. "మీరు చెప్పాక ఆలస్యం చేస్తానా నాయుడుగారూ" అన్నాను. నర్సమ్మ కొత్త చీర కట్టుకుని, దండల పళ్లెం పట్టుకుని, మొహం మాడ్చుకుని నిలబడి ఉంది. ఇవాళ ఏం జరుగుతుందో ఆమెకు చెప్పలేదు. చెబితే కంగారుపడుతుంది.

మైకు అందుకున్నాను.

"ఎండనక, దుమ్మనక, చెరకు ట్రాక్టర్ల వెనక అంతసేపు ఆగి, గోతుల్లో ఎగిరిపడుతూ మన ఊరికి విచ్చేసిన గౌరవ కమిటీ చైర్మన్‌గారిని వేదికనలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం. సార్ వచ్చిన దారే మన పాలు వెళ్లే దారి. సార్ ఏసీ కారులో వచ్చారు కాబట్టి ఇంకా తాజాగా ఉన్నారు. మన పాలకు ఆ భాగ్యం లేదు."

అయిపోయింది, ఉద్యోగం ఊడిందనుకున్నాను. తర్వాత చైర్మన్‌గారు పెద్దగా నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి అందరూ నవ్వారు. నవ్వుతూనే వచ్చి కూర్చున్నారు, దండ వేయించుకున్నారు.

"పాలు పితికాక ఎంత తొందరగా చల్లబరిస్తే అంత మంచిదని ఊరూరా తిరిగి చెప్పిన పశువైద్య నిపుణులు, కమిటీ సభ్యులు, డాక్టరుగారిని ఆహ్వానిస్తున్నాం."

డాక్టరుగారు దండ వేయించుకుని ఊరుకోలేదు. తన విషయం వచ్చింది కాబట్టి మైకు తీసుకున్నారు. "అవునమ్మా, ఎండాకాలంలో గంటా రెండు గంటలు దాటితే కష్టమే. ఇక్కడి నుంచి అనకాపల్లి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?"

నేను నోరు తెరిచేలోపే కింద కూర్చున్న ఆడవాళ్లు అందుకున్నారు. "టీవీలో రెండు సీరియళ్లయిపోతాయి బాబూ!" "మజ్జిలో కరెంటు పోతే మూడు!"

డాక్టరుగారు చైర్మన్‌గారి వైపు తిరిగి చెవిలో ఏదో చెప్పారు. నేను ఎంత గ్రాఫు గీసినా డాక్టరుగారి చేత చైర్మన్‌గారి చెవిలో ఆ మాట చెప్పించలేకపోయేదాన్ని.

ఇక నాయుడుగారు. ఆయన అప్పటికే చొక్కా సర్దుకుని ఎదురుచూస్తున్నారు.

"తన ఊరు హైవే పక్కనే ఉంది. తన ఊరి పాలు ఎక్కడా ఆగకుండా, చుక్క విరగకుండా చేరతాయి. అలాంటి అదృష్టం ఉండి కూడా, ఆ అదృష్టం లేని మారుమూల ఊరి కష్టం చూడడానికి కమిటీని వెంటబెట్టుకుని వచ్చిన విశాల హృదయులు, మన డైరెక్టరు శ్రీ సన్యాసినాయుడుగారిని చప్పట్లతో ఆహ్వానిద్దాం!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. చైర్మన్‌గారు కూడా కొట్టారు. నాయుడుగారి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కాదంటే విశాల హృదయం పోతుంది, అవునంటే కూలరు పోతుంది. రెండు చేతులూ ఎత్తి అన్ని వైపులా నమస్కారం పెట్టారు. నర్సమ్మ దండ పట్టుకుని వెళ్లింది. ఆమె నా మాటలన్నీ నిజమనే నమ్మింది. దండ వేసి, కళ్లనీళ్లు పెట్టుకుని, "మీలాంటోరు ఉన్నారని తెలీక మనసులో తిట్టుకున్నాను బాబూ, తప్పైపోనాది" అంది. మైకు నా చేతిలోనే ఉంది. ఆ మాట ఊరంతా విన్నది.

తర్వాత మూర్తిగారి ప్రెజెంటేషన్. దుప్పటి మీద అక్షరాలు ఎగిరాయో రాలాయో ఎవరికీ కనబడలేదు. కంప్యూటరు చప్పట్లు కొట్టిన ప్రతిసారీ, మర్యాద కాబోలని ఊరి ఆడవాళ్లూ కొట్టారు. మూర్తిగారి మొహం వెలిగిపోయింది. ఆయనను అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

చివర్లో చైర్మన్‌గారు లేచి, "నేను ఏసీలో వచ్చాను. మీ పాలు మాత్రం ఎండలో ఎందుకు వెళ్లాలి? నాయుడుగారి పెద్ద మనసు కూడా చూశాం కదా" అన్నారు. నా మాటను నా ముందే తన మాటగా చెప్పారు. అప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ అవార్డూ ఇవ్వలేదు. కొత్తవాళ్లు ఇదొక్కటి గుర్తుంచుకోండి. మనం చెప్పిన మాటను వినేవాడు తన మాటగా ఇంకొకరికి చెప్పాలి. పేరు మనకు రాలేదని ఏడ్చేవాళ్లు ఈ ఉద్యోగానికి పనికిరారు.

కారెక్కబోతూ నాయుడుగారు నన్ను పక్కకు పిలిచారు. "దండేసి కట్టేసేరు గదా మేడమ్. మా ఊరోల్లకి నానేటి సెప్పేది?"

"విశాల హృదయం అని చెప్పండి."

ఆయన గుర్రుగా చూసి, చూసి, చివరికి నవ్వేశారు. తర్వాత వచ్చిన సంఘం ఎన్నికల్లో ఆయన ఫ్లెక్సీ మీద పేరు ముందు "విశాల హృదయులు" అని వేయించుకున్నారు. గెలిచారు కూడా. మూర్తిగారు మాత్రం ఆ కూలరు ఎగిరే అక్షరాల వల్లే వచ్చిందని ఈనాటికీ నమ్ముతారు. నేనెప్పుడూ కాదనలేదు. ఆయన అక్షరాలు ఎగరకపోతే నాకు మైకు దొరికేది కాదు.

ఇందులో నుంచి సూత్రాలు తీసి వరసగా రాయమని మా వీధి అమ్మాయి అడిగింది. నాకు చేతకాదు. నేను చేసిందల్లా ఒకటే. వచ్చినవాళ్లు ఎప్పుడు నిటారుగా కూర్చుంటారో చూసుకుని, చెప్పాల్సింది అప్పుడు చెప్పేయడం. మన సభల్లో పిలుపులూ దండలూ పోవు. వాటిని తిట్టుకుంటూ కూర్చుంటే మన విషయం బెత్తెడు పట్టీలోనే ఉండిపోతుంది.

మొదటి సాయంత్రం పాలు

ఇస్తామనడం వేరు, రావడం వేరు. ఫైలు కదలడానికీ, షెడ్డు కట్టడానికీ, కరెంటు లైను లాగడానికీ నర్సమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. కనబడిన ప్రతివాళ్లూ "మిసను ఎప్పుడొత్తాది నర్సమ్మా?" అని అడిగేవారట. "వత్తాది, వత్తాది" అని చెప్పి చెప్పి ఆమె బయటికి రావడమే తగ్గించేసింది.

చివరికి కూలరు వచ్చింది. మొదటి సాయంత్రం పాలు అందులో పోసి, మర్నాడు పొద్దున్న అనకాపల్లి పంపారు. ఆ పొద్దున్న నేను ఆఫీసుకు వెళ్లేసరికి నర్సమ్మ మా గేటు దగ్గర నిలబడి ఉంది. పాల వ్యానులోనే క్యాన్ల పక్కన కూర్చుని వచ్చేసింది.

మా దగ్గర పాలు దింపుకునేముందు, గాజు గొట్టంలో కొంచెం పోసి స్పిరిట్ దీపం మీద మరగబెట్టి చూస్తారు. విరిగితే ఆ పాలు తీసుకోరు. పరీక్ష చేసే అతను గొట్టాన్ని మంట మీద పెట్టాడు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పాలు గొట్టంలో పైకి లేచాయి, నురగ కట్టాయి, కిందికి దిగాయి. అతను గొట్టాన్ని వెలుగుకు ఎత్తి తిప్పి చూశాడు. చిన్న ముక్క కూడా లేదు.

"బాగున్నాయమ్మా. దింపేయండి" అని, గొట్టంలో పాలు ఒంపేయడానికి తొట్టి వైపు తిరిగాడు.

"ఆగు నాయనా!" నర్సమ్మ ఒక్క అంగలో వెళ్లి అతని చేతిలో గొట్టం అందుకుంది. చెయ్యి కాలుతుందని అతను అరిచినా వినలేదు, కొంగుతో పట్టుకుంది. "పారబోత్తావేటి? ఇన్నాల్లూ పారబోసింది సాల్లేదేటి?"

అని, మేమంతా చూస్తుండగా ఆ మరిగిన పాలు ఒక్క గుక్కలో తాగేసింది. నాలుక కాలే ఉంటుంది. ఖాళీ గొట్టం అతని చేతికిచ్చి, మూతి తుడుచుకోవలసిన కొంగుతో కళ్లు తుడుచుకుని, "మొదటి బస్సుకి ఎల్లిపోతాను మేడమ్. కుళాయికాడ ఆల్లుంటారు, సెప్పాల" అంది.